పొగ వేరు, నికోటిన్ వేరు

(గుంటూరు బ్రాడీపేటలో, పొగ మానాలనుకునేవారికీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఏర్పాటైన సభలో ఒక ఛాతీ వైద్యుడి ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చేయండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. డాక్టరు ఎదురుగా కూర్చుంటే జేబులో పెట్టె కనబడుతుందని మొహమాటం కాబోలు. కనబడినా ఏమీ అననులెండి.

పేర్లు రాయించుకునేటప్పుడు మీ సందేహం కూడా చీటీ మీద రాయమన్నాం. అన్నీ చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే. సిగరెట్ మానలేకపోతున్నాం, వేప్‌కి, అదే ఈ-సిగరెట్‌కి, మారితే ఎలా ఉంటుంది అని. ఒకాయన దాన్ని 'ఛార్జింగ్ సిగరెట్' అని రాశారు. అంతకన్నా మంచి తెలుగు పేరు నాకు తట్టలేదు.

దీనికి ఒక్క ముక్కలో జవాబు అడక్కండి. 'అది సిగరెట్ కన్నా ఘోరం' అంటే అబద్ధం అవుతుంది. 'హాయిగా మారిపోండి' అంటే, లోపల ఏముందో తెలియని సరుకు మీకు అంటగట్టినట్టు అవుతుంది, పైగా మన దేశంలో దాని అమ్మకమే నేరం. అందుకని ముడి విప్పుకుంటూ వెళ్దాం.

గుంటూరులో పొగాకు గురించి మాట్లాడటం మిర్చి యార్డు గేటు దగ్గర కారం తగ్గించమని చెప్పినట్టే ఉంటుంది. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. 1975లో చట్టం వచ్చింది, 1976 జనవరి 1న బోర్డు మొదలైంది. మీలో కొందరి ఇళ్ళల్లో తాతలో మేనమామలో బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు కాపలా ఉన్నవాళ్ళే అయ్యుంటారు. వాళ్ళకి నేను చెప్పబోయేది తొందరగా ఎక్కుతుంది. వర్జీనియా ఆకుని బ్యారన్‌లో ఎలా ఆరబెడతారు? పొయ్యిలో కట్టె మండుతుంది. ఆ పొగ రేకు గొట్టాల్లోంచి బయటికి పోతుంది. గొట్టాల వేడి మాత్రమే ఆకుకి తగులుతుంది. అంటే మంట ఒకచోట, ఆకు ఒకచోట. ఆకు మండదు, పండుతుంది. నికోటిన్ ఆకులోనే ఉంటుంది.

ఆ ఆకునే తరిగి కాగితంలో చుట్టి అంటించామనుకోండి. దమ్ము లాగినప్పుడు నిప్పు కొన దగ్గర వేడి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ మంటలో ఆకు ఆకుగా ఉండదు. 7000కు పైగా రసాయనాలు పుడతాయి, వాటిలో 70 దాకా కేన్సర్ తెచ్చేవి. తారు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ సీటు ఆక్రమిస్తుంది. ఇవన్నీ ఆకు మండటం వల్ల వచ్చినవి.

మరి నికోటిన్ చేసేదేమిటి? అది మిమ్మల్ని మళ్ళీ కిళ్ళీ కొట్టు దగ్గరికి నడిపిస్తుంది. పొగతో పాటు లోపలికి వెళ్ళిన 10, 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. రెండు గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది. అందుకే రోజుకు 10 కాల్చేవాడికి గంటన్నర, రెండు గంటలకోసారి చెయ్యి జేబులోకి పోతుంది. నికోటిన్ సాధువేమీ కాదు. గుండె వేగం, బీపీ పెంచుతుంది, కడుపులో బిడ్డకి మంచిది కాదు, ఎదిగే పిల్లల మెదడుకి మంచిది కాదు. కానీ మీ ఊపిరితిత్తుల్ని పాడుచేసి కేన్సర్ తెప్పించేది ప్రధానంగా నికోటిన్ కాదు, పొగ. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలామంది రెండు తప్పులు చేస్తారు. పొగ లేదు కదా అని వేప్‌ని పూర్తిగా నమ్మేస్తారు. నికోటిన్ ఉంది కదా అని మందుల షాపులో దొరికే గమ్‌ని చూసి భయపడతారు.

ఇప్పుడు ఆ ఛార్జింగ్ సిగరెట్ విప్పి చూద్దాం. ఇలాంటిదానికి అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, ఎవరూ తయారు చేయలేదు. ఇప్పుడు మనం చూస్తున్న రకం 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు చేసింది. లోపల నాలుగే ఉంటాయి. లిథియం బ్యాటరీ, సన్నని తీగ చుట్ట, దాన్ని పట్టుకుని దూది వత్తి, ద్రవం ఉండే చిన్న తొట్టి. మన దీపపు కుందె గుర్తు తెచ్చుకోండి. కుందెలో నూనె, నూనె పీల్చే వత్తి. ఇక్కడ వత్తిని అంటించరు, తీగ కరెంటుతో వేడెక్కి వత్తిలోని ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. వేడి 200, 250 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంట లేదు, బూడిద లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, సువాసన కలుపుతారు. పెళ్ళిళ్ళలో స్టేజీ మీద తెల్లటి పొగ వదిలే మిషన్లో పోసేది కూడా ఈ గ్లైకాల్, గ్లిజరిన్ జాతి ద్రవమే.

కుందెలో నూనె అయిపోతే వత్తి మాడుతుంది. ఇదీ అంతే. ద్రవం తగ్గినా, కొత్త తీగ వేసి వత్తి తడవకముందే లాగినా, గుక్క తిప్పుకోకుండా వరసగా లాగినా, వత్తి ఎండి మాడుతుంది. గొంతులో చురుక్కుమనే మాడు రుచి వస్తుంది. ఆ క్షణంలో వేడి కట్టు తప్పి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. వేప్‌లు చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో కొత్త తీగ వేశాక 10 నిమిషాలు నానబెట్టమనీ, కంపెనీ రాసిన వాట్ల కన్నా పెంచవద్దనీ చెప్పేది ఇందుకే. వాడి పారేసే రకంలో మీరు ద్రవాన్ని చూడలేరు, తీగ మార్చలేరు. చివరి దమ్ములు మాడు వత్తి మీదే లాగే ప్రమాదం ఉంది.

మరి పనిచేస్తుందా? చేస్తుంది. కప్పిపుచ్చడం ఎందుకు? బ్రిటన్‌లో 886 మంది మీద చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత సిగరెట్ మానినవాళ్ళు వేప్ గుంపులో 18 శాతం, నికోటిన్ గమ్, ఒంటికి అంటించే నికోటిన్ పట్టీ వాడిన గుంపులో 9.9 శాతం. దాదాపు రెట్టింపు. ఆ తర్వాత అనేక పరీక్షల్ని కలిపి తూచిన కాక్రేన్ సమీక్షలు కూడా అటే మొగ్గాయి. దాదాపు రెట్టింపు. కానీ అదే పరీక్షలో ఇంకో అంకె ఉంది, వేప్ అమ్మేవాళ్ళు దాన్ని చెప్పరు. వేప్‌తో సిగరెట్ మానిన వాళ్ళలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ లాగుతూనే ఉన్నారు. గమ్, పట్టీతో మానినవాళ్ళలో వాటిని ఇంకా వాడుతున్నది 9 శాతమే. అంటే ఒకటి సిగరెట్ నుంచి బాగా దింపుతుంది, కానీ తన మీద ఎక్కించుకుంటుంది. రెండోది దింపడంలో కాస్త బలహీనం, కానీ తననీ వదిలించుకోనిస్తుంది.

ఆ 18 శాతం బ్రిటన్‌లో వచ్చిన అంకె. అక్కడ ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. తొట్టి 2 మిల్లీలీటర్లు, సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. పైగా ఆ పరీక్షలో వాళ్ళకి వారంవారం సలహాదారు ఎదురుగా కూర్చుని మాట్లాడాడు. ఆ బ్రిటన్ కూడా వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేసింది.

మన దగ్గర సంగతి వేరు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో పార్లమెంటు చట్టం. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. ఈ-హుక్కా, పొగాకుని మండించకుండా వేడిచేసే పరికరాలు కూడా అందులోకే వస్తాయి. అమ్మినవాడికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే 3 ఏళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే 6 నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 'నేను అమ్మట్లేదు కదండీ, దుబాయి నుంచి మా బావమరిది తెచ్చాడు' అంటారు. తేవడం దిగుమతి కిందికి వస్తుంది. మందుల చట్టం కింద లైసెన్సు ఉన్న నికోటిన్ గమ్, పట్టీలకి ఈ నిషేధం వర్తించదు. ఇది గుర్తు పెట్టుకోండి.

నిషేధం ఉంది కదా అని సరుకు ఆగిందా అంటే, ఆగలేదని మీకూ తెలుసు. కౌంటరు కింద నుంచి తీసిచ్చే ఆ రంగురంగుల డబ్బాల మీద '5 శాతం' అని ఉంటుంది. అంటే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు, బ్రిటన్ పరిమితికి రెండున్నర రెట్లు. 10 మిల్లీలీటర్లు ఉందంటే 500 మిల్లీగ్రాముల నికోటిన్ అన్నమాట. 20 సిగరెట్లు కాల్చినవాడి ఒంటికి పట్టేది 20 నుంచి 30 మిల్లీగ్రాములు. ఇంత గాఢంగా ఉన్నా గొంతులో ఘాటెందుకు ఉండదు? మామూలు నికోటిన్ క్షారం, గొంతు పట్టుకుంటుంది, ఘాటే దాన్ని ఆపే బ్రేకు. దానికి బెంజాయిక్ ఆమ్లం లాంటిది కలిపి లవణం చేస్తే ఘాటు పోతుంది. పైన మామిడిపండు వాసన. కారం తెలియని మిరపకాయ అది, ఎన్ని నమిలామో లెక్క ఉండదు. రోజుకు 6 సిగరెట్లు కాల్చే మనిషి దీనికి మారి నాలుగు నెలలకి పెట్టెన్నర సిగరెట్ల నికోటిన్‌కి అలవాటు పడగలడు. తర్వాత ఆ డబ్బా దొరకని రోజున మళ్ళీ సిగరెట్టే, ఈసారి ఎక్కువ.

డబ్బా మీద రాసింది లోపల ఉందో లేదో చూసే లేబొరేటరీ కూడా ఈ బజారుకి లేదు. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2800 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. అందులో ప్రధాన దోషిగా తేలింది విటమిన్ ఈ ఎసిటేట్. గంజాయి నుంచి తీసిన ద్రవాన్ని పలచన చేయడానికి దొంగ సరుకులో కలిపిన నూనె లాంటి పదార్థం. మామూలు నికోటిన్ వేప్‌లన్నిటికీ దీన్ని అంటగట్టడం సరికాదు. కానీ దొంగ సరుకులో ఎవడేం కలుపుతాడో కొనేవాడికి తెలిసే దారి ఉండదు, గుంటూరులో మీకు దొరికేది అచ్చంగా దొంగ సరుకే.

ఇంకొక్క సంగతి చెప్పి వేప్ పక్కన పెడతాను. చాలామంది మారరు, కలుపుతారు. ఆఫీసులో వేప్, సాయంత్రం టీ కొట్టు దగ్గర సిగరెట్. 10 నుంచి 3కి తగ్గించాను అని సంతోషిస్తారు. గుండె ఈ లెక్క ఒప్పుకోదు. రోజుకు ఒక్కటే కాల్చినా గుండెజబ్బు అదనపు ముప్పు, 20 కాల్చేవాడికుండే అదనపు ముప్పులో దాదాపు సగం ఉంటుంది. 20 నుంచి ఒకటికి తగ్గితే ముప్పు ఇరవయ్యో వంతు కాదు, సగమే తగ్గింది.

సరే, మీకు కావలసిందేమిటి? పొగ లేని నికోటిన్, కొన్నాళ్ళపాటు. అది శంకర్ విలాస్ సెంటర్లో ఏ మందుల షాపులో అడిగినా చట్టప్రకారం దొరుకుతుంది. 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉంది. 'గమ్ వాడానండీ, పనిచేయలేదు' అని మీలో సగం మంది అంటారు. ఎలా వాడారని అడిగితే తెలుస్తుంది. 'బాగా నాలుక లాగినప్పుడు ఒకటి, రోజుకు రెండో మూడో'. లెక్క వేద్దాం. ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. రోజుకు 12 కాల్చేవాడికి 12 నుంచి 18. 2 మిల్లీగ్రాముల గమ్‌లో సరిగ్గా నమిలితే ఒంటికి పట్టేది ఒకటి. మూడు గమ్‌లకి 3. పదిహేను అడిగే ఒంటికి మూడు ఇచ్చి, మందు పనిచేయలేదంటే ఎలా? ఎక్కువైపోతుందేమోనన్న భయంతో తక్కువ వాడతారు, తక్కువ వాడటం వల్ల మళ్ళీ పెట్టె కొంటారు.

మోతాదు ఎలా ఎంచుకోవాలి? పొద్దున నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ అంటిస్తారో చూసుకోండి. 30 నిమిషాల లోపే అయితే 4 మిల్లీగ్రాములది, అది డాక్టర్ చీటీ మీద తీసుకోండి. అరగంట దాటాక అయితే 2 మిల్లీగ్రాములది. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, నాలుక లాగేదాకా ఆగకుండా. తర్వాత 3 వారాలు 2 నుంచి 4 గంటలకొకటి. ఆఖరి 3 వారాలు 4 నుంచి 8 గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు. సిగరెట్ నికోటిన్ సెకన్లలో ఎక్కుతుంది, గమ్‌కి 20, 30 నిమిషాలు పడుతుంది. నిప్పు అంటుకున్నాక బావి తవ్వినట్టు కాకుండా, యావ మొదలవకముందే నోట్లో వేసుకోవాలి.

ఇప్పుడు నమలడం. పొగతాగేవాళ్ళలో ముందే పేరిచ్చిన ఐదుగురికి మా సిస్టర్ 2 మిల్లీగ్రాముల గమ్ ఇస్తారు. పావుగంట నుంచి ఏమీ తాగలేదు కదా? ముందు మంచినీళ్ళతో పుక్కిలించండి. నోట్లో వేసుకుని మెల్లగా కొరకండి. పది, పదిహేను సార్లకి మిరియం కొరికినట్టు చుర్రుమంటుంది. అనగానే నమలడం ఆపండి. బుగ్గకీ చిగురుకీ మధ్య దాచండి, కిళ్ళీ దాచినట్టు. అక్కణ్ణుంచే రక్తంలోకి ఎక్కుతుంది. చురుకు తగ్గాక, ఒక నిమిషం తర్వాత, మళ్ళీ రెండు మూడు కొరుకులు, ఈసారి రెండో బుగ్గ. ఇలా అరగంట. ఆ, మీరు... ఎర్రచొక్కా బాబూ, అది బబుల్ గమ్ కాదు, ఆపండి. గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోతుంది. అక్కడ పనికి రాదు, ఎక్కిళ్ళు, కడుపు మంట, వికారం తెస్తుంది. 'గమ్ నాకు పడదు' అనేవాళ్ళలో ఎక్కువమంది కథ ఇదే.

ఇంకో తప్పు పులుపు. నోరు కాస్త క్షారంగా ఉంటేనే నికోటిన్ బుగ్గలోంచి దిగుతుంది. కాఫీ, కూల్‌డ్రింక్, గోలీ సోడా, నిమ్మరసం, మజ్జిగ తాగి గమ్ వేసుకుంటే సగం వృథా. 15 నిమిషాల ముందు నుంచి, గమ్ నోట్లో ఉన్నంతసేపూ మంచినీళ్ళు తప్ప వద్దు. కట్టుడు పళ్ళున్నవాళ్ళకి గమ్ అంటుకుపోతుంది, వాళ్ళు చప్పరించే బిళ్ళ తీసుకోవచ్చు.

రోజుకు 10 కన్నా ఎక్కువ కాల్చేవాళ్ళు పట్టీ కూడా కలుపుకోవాలి. పట్టీ అన్నంలాంటిది, గమ్ నంజుడు. రోజంతా సన్నగా పట్టీ ఇస్తుంది, ఉన్నట్టుండి లాగినప్పుడు గమ్ ఆదుకుంటుంది. రెండూ కలిపితే ఒక్కదాని కన్నా బాగా పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది. 21 మిల్లీగ్రాముల పట్టీ 6 వారాలు, 14ది 2 వారాలు, 7ది 2 వారాలు. మన ఎండలకి వచ్చే తంటా ఒకటి ఉంది. చెమటకి పట్టీ ఊడిపోతుంది. స్నానం చేసి, బాగా తుడుచుకుని, ఒళ్ళు చల్లబడ్డాక వెయ్యండి. నూనె, పౌడరు, క్రీము రాసినచోట నిలవదు. భుజం పైభాగంలో, వెంట్రుకలు లేనిచోట, అరచేత్తో 10 సెకన్లు గట్టిగా అదమండి. రోజూ చోటు మార్చండి, అదే చోటుకి వారం దాకా రావద్దు, దద్దుర్లు వస్తాయి. రాత్రి పిచ్చి కలలు వస్తుంటే పడుకోబోయే ముందు తీసేయండి. తీసిన పట్టీని మధ్యకి మడిచి, పిల్లలకి అందకుండా పారేయండి, దాంట్లో ఇంకా నికోటిన్ ఉంటుంది.

ఎక్కువైందో తక్కువైందో ఎలా తెలుస్తుంది? వికారం, చెమట, గుండె దడ, తల తిరగడం అయితే ఎక్కువ. చిరాకు, నిలకడ లేకపోవడం, ఆకలి, ఎదుటివాళ్ళ మీద అరుపులు అయితే తక్కువ. ఇంట్లో ఆడవాళ్ళకి రెండోది ముందు తెలుస్తుంది. ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి.

మాత్రలు కూడా ఉన్నాయి, క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అవి డాక్టరు రాయాలి. వరెనిక్లిన్ నికోటిన్ కాదు, నికోటిన్ కూర్చునే కుర్చీలో తాను సగం కూర్చుంటుంది. సిగరెట్ అంటించినా మజా రాదు. మానే రోజుకు వారం ముందు మొదలుపెట్టాలి. 0.5 మిల్లీగ్రాములు రోజుకొకటి 3 రోజులు, తర్వాత 4 రోజులు రెండు పూటలా, ఆ పైన 1 మిల్లీగ్రాము రెండు పూటలా, మొత్తం 12 వారాలు. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతి వచ్చినట్టుంటుంది. అన్నం తిని నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. బుప్రోపియాన్ అని ఇంకోటి ఉంది, ఫిట్స్ ఉన్నవాళ్ళకి పనికిరాదు.

ఇప్పుడు చెప్పేది డాక్టర్లు కూడా మర్చిపోతుంటారు. పొగలోని తారు మీ కాలేయంలో ఒక ఎంజైముని ఎక్కువ పని చేయిస్తుంది. అది కెఫీన్‌ని త్వరగా విరగ్గొడుతుంది. అందుకే పొగతాగేవాళ్ళు ఆరు కాఫీలు తాగినా నిద్రపోతారు. పొగ ఆపిన కొద్ది రోజుల్లో ఆ ఎంజైము నెమ్మదిస్తుంది, అదే కాఫీకి రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. దడ, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం మొదలవుతాయి. 'సిగరెట్ మానడం నా ఒంటికి పడలేదు' అనుకుని మళ్ళీ అంటిస్తారు. కాబట్టి మానిన రోజు నుంచే కాఫీ, టీలు సగం చేయండి. ఇది తారు చేసే పని, నికోటిన్‌ది కాదు. అంటే వేప్‌కి మారినా, గమ్‌కి మారినా ఇదే జరుగుతుంది. ఆయాసానికి థియోఫిలిన్ వాడేవాళ్ళు, మానసిక వైద్యానికి ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్ళు పొగ మానేముందు మీ డాక్టరుకి తప్పక చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

మానే రోజు విషయం. పెళ్ళి, పార్టీ ఉన్న వారం పెట్టుకోకండి. మందు గ్లాసు చేతిలోకి వస్తే రెండో చేతిలోకి సిగరెట్ వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు బాగా గట్టిగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో దిగుతుంది. ఒక్కో యావ నాలుగైదు నిమిషాలే. టీ కొట్టు నుంచి లేచి నడిచి పక్క వీధి మలుపు తిరిగేసరికి పోతుంది. మలబద్ధకం వస్తుంది, నీళ్ళు, ఆకుకూర పెంచండి. బరువు మొదటి ఏడాదిలో సగటున 4, 5 కిలోలు పెరుగుతుంది, దీన్ని ముందే ఒప్పుకోండి. దగ్గు కొన్నాళ్ళు పెరగవచ్చు. సిగరెట్ పెట్టె మీద 1800-112-356 అని ఉంటుంది. అది జాతీయ క్విట్‌లైన్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పెట్టె కొన్నవాళ్ళు కనీసం ఆ నంబరన్నా వాడుకోండి.

ప్రశ్నలు తీసుకుందాం.

'మా అబ్బాయి బీటెక్ రెండో ఏడాది. వాడి బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది దొరికింది, పుచ్చకాయ వాసన వస్తోంది. సిగరెట్లు ఎప్పుడూ కాల్చలేదంటాడు.'

అమ్మా, సిగరెట్ కాల్చని పిల్లవాడి విషయంలో వేప్‌కి లాభం లెక్కే లేదు, అంతా నష్టమే. ఇప్పటిదాకా నేను చెప్పిన పోలికలన్నీ కాల్చేవాళ్ళకి. ముందు కొట్టడాలు, తిట్టడాలు పెట్టుకోకండి. రోజుకు ఎన్నిసార్లు లాగుతాడు, డబ్బా ఎన్నాళ్ళొస్తుంది, దాని మీద ఎంత శాతం ఉంది, లేవగానే కావాలా అని అడగండి. ఆ నాలుగు జవాబులతో మా దగ్గరకు తీసుకురండి. అవసరమైతే వాడికీ గమ్ లెక్క కట్టి ఇస్తాం. ఆ డబ్బాని చెత్తలో వేయకండి, పొయ్యిలో అసలే వేయకండి, లిథియం బ్యాటరీ పేలుతుంది, ఈ-చెత్త తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి. ద్రవం చేతికంటితే సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో చంటిపిల్లలుంటే మరీ జాగ్రత్త, అది మింగితే విషం.

'నేను ఇన్సులిన్ తీసుకుంటానండి. గమ్‌లో చక్కెర ఉంటుందా?'

చాలా రకాల్లో ఉండదు, అట్ట వెనక చూసుకోండి. అంతకన్నా ముఖ్యం, పొగ మానాక ఇన్సులిన్ కాస్త బాగా పని చేయడం మొదలుపెట్టవచ్చు. మొదటి నెల షుగర్ తరచుగా చూసుకోండి, లో షుగర్ అయిందని తెలియక, సిగరెట్ లేక తల తిరుగుతోందనుకుంటారు.

'బీడీకి కూడా ఇదే లెక్కా?'

అదే. బీడీ చిన్నదని తక్కువ అనుకోకండి. ఆరిపోకుండా గట్టిగా, ఎక్కువసార్లు లాగాలి, అందుకని తారూ మోనాక్సైడూ తక్కువేం కాదు.

'మానానని మా ఆయన అంటారు, నమ్మేదెలా?'

(నవ్వులు) ఈ మిషన్‌లో ఊదమనండి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తుంది. 10 దాటితే కాల్చినట్టే అనుకోవచ్చు. నాలుగైదు గంటలకి సగం చొప్పున తగ్గుతుంది, కాబట్టి ఒక రోజు పూర్తిగా ఆపితే మామూలు మనిషి అంకె వస్తుంది. గమ్, పట్టీ, వేప్ దీన్ని పెంచవు, పొగ ఒక్కటే పెంచుతుంది. అయితే అమ్మా, దీన్ని పోలీసు మిషన్ చేయకండి. అంకె రోజురోజుకీ పడిపోవడం ఆయనే చూసుకుంటే ఇంకో రోజు ఆగబుద్ధి వేస్తుంది.

టీలు వచ్చినట్టున్నాయి. గమ్ నోట్లో ఉన్న ఐదుగురూ, మీకు ఇంకా పది నిమిషాలుంది. అయ్యాక తీసి, కాగితంలో చుట్టి ఆ డబ్బాలో వేసి, అప్పుడు తాగండి. మిగతావాళ్ళు వరసలో రండి, ఊదే మిషన్ ఎడమవైపు బల్ల మీద ఉంది.